పైకప్పు తట్టి చూసిన ఇల్లు

మా బాపు ఎవరింట్లో అడుగుపెట్టినా ముందు మనుషుల్ని చూడడు, పైకి చూస్తాడు. చూసి ఊరుకుంటే బాగానే ఉండేది. చేతిలో ఎప్పుడూ ఉండే నల్ల గొడుగును ఎత్తి, దాని మొనతో పైకప్పును రెండుసార్లు తట్టి, మెడ వంచి వింటాడు. ఆ తర్వాతే కూర్చుంటాడు. చుట్టాల ఇళ్లలో చేశాడు, పెళ్లిచూపులకు తోడు వెళ్లిన ఇంట్లో చేశాడు, ఒకసారి హైదరాబాద్‌లో నేనుండే లేడీస్ హాస్టల్‌కు వచ్చి ఆఫీసు గదిలోనూ చేశాడు. వార్డెన్ నన్ను పక్కకు పిలిచి, "మీ నాన్నగారికి ఒంట్లో బాగానే ఉంటుందా అమ్మా?" అని అడిగింది. నాకు తల తీసేసినట్టయింది.

పిచ్చేమీ కాదు, అది ఆయన పని. బాపు భూపాలపల్లి బొగ్గుబాయిలో దిగే మనిషి. భూమి లోపల బొగ్గు తవ్వుకుపోయిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆయన డ్యూటీ. షిఫ్టు మొదలవగానే పొడవాటి కర్రతో కప్పును తట్టుకుంటూ పోవాలి. గట్టి కప్పు ఖంగుమంటుంది. పొర విడిపోయిన కప్పు ఖాళీ డబ్బాను తట్టినట్టు డొల్లగా మోగుతుంది. డొల్ల మోత వినబడిందంటే ఇక అక్కడ మాటలుండవు. ఎవరు దగ్గరుంటే వాళ్ల రెక్క పట్టుకుని బయటికి గుంజడమే. ఎందుకు, ఏమిటి అన్నది తర్వాత. "ముందు బయటికి, ముచ్చట తర్వాత" అని బాపు మాకు అన్నం తినేటప్పుడు కూడా చెప్పేవాడు.

అలా ఒకసారి తోటి కార్మికుణ్ణి ఎంత బలంగా గుంజాడంటే అతని భుజం కీలు తప్పింది. వెనకాలే కప్పు కూలింది. ఆ మనిషి ప్రతి దసరాకు జమ్మి ఆకు పట్టుకుని మా క్వార్టర్‌కు వచ్చేవాడు. "నీ మొగడు నా రెక్క ఇరగ్గొట్టిండు వదినా, ఇగో ఇప్పటికీ చెయ్యి పైకి లేస్తలేదు" అని మా అవ్వకు ఫిర్యాదు చేసేవాడు. చేసి, బాపు చేతిలో జమ్మి పెట్టి, వంగి కాళ్లు మొక్కి పోయేవాడు. చిన్నప్పుడు నాకిది అర్థమయ్యేది కాదు. రెక్క విరగ్గొట్టినవాడి కాళ్లెందుకు మొక్కుతున్నాడా అనుకునేదాన్ని.

అవ్వ అంటే మా వైపు అమ్మే. మా అవ్వకు జీవితంలో ఒకటే పట్టు ఉండేది. సొంత ఇల్లు. కంపెనీ వాళ్లిచ్చిన రెండు గదుల క్వార్టర్‌లో ఆమె కాపురం మొదలైంది, నేను పుట్టాను, పెరిగాను. ముందు రేకులు దింపి వంటగది చేసుకుంది, వెనక గోంగూర వేసింది. అయినా ఒక్కరోజు కూడా అది తన ఇల్లనుకోలేదు. బాపు రిటైరైన నాడు తాళంచెవి కంపెనీకి అప్పజెప్పాలని ఆమెకు మొదటినుంచీ తెలుసు. "తాళంచెవి మల్ల ఎవ్వడు అడగని ఇల్లు కావాలె. అది నా పేర ఉండాలె" అనేది. బాపు రిటైర్మెంట్‌కు ఇక నాలుగైదేళ్లే ఉంది. నేను ఒక్కదాన్నే సంతానం. హైదరాబాద్‌లో ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతున్నాను. కాబట్టి ఇల్లు హైదరాబాద్‌లోనే, ముగ్గురం ఒకచోటే అని తీర్మానించుకున్నాం. తీర్మానానికేం, ఖర్చు లేదు కదా.

ఇల్లు వెతికే పని నాది. మొదట బడికి దగ్గర్లోనే అడిగాను. బ్రోకర్ నా జీతం ఎంతో విని, నవ్వు ఆపుకుని, టీ ఇప్పించి మర్యాదగా పంపించాడు. సరే, సికింద్రాబాద్ దాటి మౌలాలి అన్నాను. అక్కడ రెండు గదుల ఫ్లాట్‌కు మేం కూడబెట్టింది సరిపోయే రోజు వచ్చేసరికి అక్కడ ఆ రేటు లేదు. ఘట్‌కేసర్ అన్నాను. ఆర్నెల్లు తిరిగేసరికి అదీ పోయింది. బీబీనగర్ అన్నాను, భువనగిరి అన్నాను. పట్టాల వెంబడి మా ఇల్లు ఒక్కో స్టేషన్ వెనక్కి నడుస్తోంది. పిల్లలకు నిష్పత్తులు చెప్పే నాకు ఈ లెక్క మాత్రం అంతుపట్టలేదు. మేమేమైనా మేడ అడిగామా? రెండు గదులు, ఒక వంటగది, నీళ్లొచ్చే నల్లా. దానికే ఇంత అఘోరించాలా అని నాకు మండుకొచ్చేది.

అవి రాష్ట్రం కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్డుమీదికి వచ్చిన రోజులు. భూపాలపల్లిలో చౌరస్తా దగ్గర టెంటు వేశారు. బాపు డ్యూటీ దిగి, స్నానం చేసి, జేబుకు జై తెలంగాణ బిళ్ల పెట్టుకుని నేరుగా టెంటుకే పోయేవాడు. రోడ్డుమీద వంటావార్పు జరిగిన రోజున అవ్వ పెద్ద డేగిశాలో పప్పుచారు కాచింది. దసరా సెలవులకు వచ్చిన నేను విస్తళ్లు వేస్తున్నాను. అక్కడ నినాదాల మధ్యలో కూడా ఇళ్ల రేట్ల ముచ్చటే.

"రాష్ట్రమొచ్చిందంటే పట్నంల ఇండ్లు అగ్గువైతయి రా. ఆ దిక్కోళ్లు అమ్ముకొని పోతరు, మనం కొనుక్కుందాం" అన్నాడు ఒకాయన.

"ఏడ అగ్గువైతయి? మన రాజధాని మనకొస్తే ఇంక పెరుగుతయి గని" అన్నాడు ఇంకొకాయన.

"అసలు హైదరాబాద్ మనకిస్తరా ఇయ్యరా, గది చెప్పుండ్రి ముందు" అన్నాడు మూడో ఆయన.

నేను విస్తరి పట్టుకుని నిలబడిపోయాను. రాష్ట్రం రావాలి. అందులో నాకు రెండో మాట లేదు. హాస్టల్‌లో నా గదిలో ఉన్న ముగ్గురమ్మాయిలూ కోస్తావాళ్లు. మంచివాళ్లే. కానీ నేను ఫోన్‌లో అవ్వతో మాట్లాడుతుంటే దిండ్లలో మొహం పెట్టుకుని నవ్వేవాళ్లు. "ఏమనుకోకే, సినిమాలో కామెడీ సీన్‌లాగా ఉంటుంది" అనేవాళ్లు. ఏమనుకోకుండా ఎలా ఉంటాను? కొన్నాళ్లకు నేనే మారాను. గదిలో వాళ్ల తెలుగు, మెట్లమీదికి పోయి అవ్వతో మా తెలుగు. అందుకని రాష్ట్రం కావాలని నాకూ కడుపులోంచి ఉండేది. కానీ అదే రాష్ట్రం వస్తే మా ఇల్లు దగ్గరవుతుందా, దూరమవుతుందా? ఇది అడగడమే తప్పేమో అని కూడా అనిపించేది. జనం ప్రాణాలిస్తుంటే నేను చదరపు అడుగులు లెక్క పెడుతున్నానే అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

అయోమయం చాలదన్నట్టు మా మేనమామ ఒకాయన. అవ్వ పుట్టిల్లు నెల్లికుదురు దగ్గర. పెళ్లప్పుడు పసుపు కుంకుమ కింద ఆమెకిచ్చిన ముప్పావు ఎకరం మిరపచేను అక్కడే ఉంది, మామే సాగుచేస్తున్నాడు. ఇంటికోసం అది అమ్ముదామని అవ్వ అంటే మామ మహబూబాబాద్ బస్టాండ్‌లో మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు.

"చెల్లె, జర ఆగు. రాష్ట్రమొచ్చినంక మన భూములకు రేటు మస్తు పెరుగుతది. పట్నంల ఇండ్లకు తగ్గుతది. అప్పుడు గీ చేను అమ్మి గా ఇల్లు కొందువు. రెండుదిక్కుల లాభమే."

రెండూ మనకే కలిసొస్తాయట! అంతా మన మంచికే జరుగుతుందని ఎవరైనా చెబితే నాకు అనుమానమే పుడుతుంది. కానీ కాదనడానికి నా దగ్గర ఏముంది?

సరిగ్గా అప్పుడే బ్రోకర్ ఫోన్. నగరం తూర్పు అంచున ఒక పాత అపార్ట్‌మెంట్, మొదటి అంతస్తులో చిన్న ఫ్లాట్. ఓనర్లు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఎప్పుడో స్థిరపడిన ముసలి దంపతులు. "గొడవలకు భయపడి అమ్ముకుంటున్నారు మేడమ్. ఇంత తక్కువకు మళ్లీ దొరకదు. త్వరపడండి" అన్నాడు. రేటు విన్నాక నాకు ఎగిరి గంతేయాలనిపించింది. గంట తర్వాత అన్నం సయించలేదు. వాళ్లు భయపడుతున్నది ఎవరికి? మాకే కదా. మా బాపు టెంటులో కూర్చుంటే ఇక్కడ ఎవరో ముసలాయన ఇల్లు తక్కువకు అమ్ముకుంటున్నాడు, దాన్ని నేను కొంటున్నాను. ఇందులో తప్పుందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

అవ్వకు ఇలాంటి బాధలేం లేవు. "వాళ్లు అమ్ముతున్నరు, మనం కొంటున్నం. రేటు పెరగాలె, తగ్గాలె అనుకుంట కూసుంటే మీ బాపు రిటైరైతడు" అంది. మామ ఎంత మొత్తుకున్నా వినకుండా మహబూబాబాద్‌లో రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోయి మిరపచేను కాగితాలమీద వేలిముద్ర వేసింది. బయటికొచ్చి సిరా వేలు కొంగుకు తుడుచుకుంటూ, "ఇగ ఇల్లు నా పేర్నే" అని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు కూడా ధైర్యమొచ్చింది.

సకల జనుల సమ్మె ముగిసి బస్సులు తిరగడం మొదలైన వారానికి ముగ్గురం ఇల్లు చూడ్డానికి పోయాం. అపార్ట్‌మెంట్ మెట్లెక్కుతుంటే నా కళ్లు బాపు జేబుమీద పడ్డాయి. బిళ్ల అలాగే ఉంది.

"బాపూ, అది తీసెయ్యి" అన్నాను మెల్లగా.

"ఎందుకు?"

ఎందుకో నాకు తెలుసు, నోటితో చెప్పడం తెలియలేదు. "ఊరికే" అన్నాను.

"ఊరికే అయితే ఉండనీయ్" అన్నాడు బాపు.

తలుపు తీసిన పెద్దాయన చూపు ముందు ఆ బిళ్లమీదే ఆగింది. కానీ మర్యాదగా, "రండమ్మా, రండి బాబూ, కూర్చోండి" అన్నాడు. ఆయన భార్య మంచినీళ్లు తెచ్చింది. సన్నగా, పూచికపుల్లలా ఉంది. అవ్వ నిమిషంలో ఆమెతో కలిసిపోయింది. వంటగది చూసింది, నల్లా తిప్పి చూసింది, కిటికీ రెక్క తెరిచి మూసింది. హాలు మధ్యలో నిలబడి పైకి చూసి, "అబ్బ, దీపాలు కప్పులనే కూసోబెట్టిన్రు సూడు బిడ్డా" అని మురిసింది. నిజమే, తెల్లటి కప్పులో గుండ్రటి చిన్న దీపాలు పొదిగినట్టున్నాయి. అలాంటిది మేమెప్పుడూ చూడలేదు. అవ్వ మొహం చూస్తే ఆ గదిలో అప్పటికే కాపురం పెట్టేసినట్టుంది. పూజ గూడు ఎక్కడో కూడా ఆ ముసలమ్మను అడిగింది.

నేనూ పెద్దాయనా కాగితాల సంగతి మాట్లాడుకుంటున్నాం. అప్పుడు వినబడింది. బాపు గొడుగు. ఒక తట్టు, రెండో తట్టు.

డొల్ల మోత. బాయిలోకి ఎన్నడూ దిగని నాకే తెలిసింది అది డొల్ల అని.

బాపు మొహం ఎర్రబడింది. ఇంకో చోట తట్టాడు. అక్కడా డొల్లే. ఇక ఒక్క క్షణం ఆగలేదు. ఎదురుగా ఉన్న ముసలమ్మ రెక్క పట్టుకున్నాడు. "బయటికి నడువుండ్రి! ముందు బయటికి నడువుండ్రి!" అని గట్టిగా అరిచాడు. బాయిలో మిషన్ల చప్పుళ్ల మధ్య వినబడేలా అరిచిన గొంతు అది, ఆ చిన్న హాల్లో పిడుగు పడ్డట్టుంది. ముసలమ్మను గడప దాటించి వరండాలో నిలబెట్టి, వెనక్కి వచ్చి పెద్దాయన చెయ్యి పట్టి గుంజాడు. "ఇంట్ల ఒక్కలుండొద్దు! నడువుండ్రి!" అవ్వకు, నాకు అలవాటే కాబట్టి మేం ఆయనకంటే ముందే బయటున్నాం. ఆ మాట వింటే కాళ్లు వాటంతటవే పరిగెత్తుతాయి మాకు.

పెద్దాయన రెండు చేతులూ జోడించాడు. "మేమేం చేశాం బాబూ? అమ్ముకుని వెళ్లిపోతామనే కదా అంటున్నాం. ఆ నాలుగు రోజులు కూడా ఉండనివ్వరా?"

ఆయనకు అర్థమైంది ఏమిటో నాకు ఆ మాటతో తెలిసింది. బాపుకు తెలియలేదు. భయపడ్డారు పాపం, కప్పు కూలుతుందని భయపడ్డారు అనుకున్నాడు. "ఏం గాదు సార్, భయపడకుండ్రి, నేనున్న" అన్నాడు. అని, వాళ్లు మళ్లీ ఆ కప్పు కిందికి పోకుండా గడపకు అడ్డంగా, గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. వాళ్ల ఇంటి గడపకు, వాళ్లనే రానివ్వకుండా! ముసలమ్మ లోపలున్న తన చెప్పులకేసి, బాపు జేబుమీది బిళ్లకేసి చూస్తూ వణికిపోతోంది. పక్క ఫ్లాట్ల తలుపులు తెరుచుకున్నాయి. ఎవరో "పోలీసులకు ఫోన్ చెయ్యండి" అన్నారు.

నేనొక్క మాట చెబితే అయిపోయేది. మా నాన్న బొగ్గుబాయిలో పనిచేస్తాడండీ, కప్పు డొల్లగా మోగింది, మీ ప్రాణానికి భయపడి బయటికి తెచ్చాడండీ అని. వాళ్ల తెలుగు నాకొచ్చు, హాస్టల్‌లో నేర్చుకున్నదే. అయినా నోరు పెగల్లేదు. ఎందుకని ఎన్నిసార్లో నన్ను నేను అడిగాను. గొడుగుతో కప్పులు తట్టే, బిళ్ల పెట్టుకున్న, గట్టిగట్టిగా అరిచే ఆ మనిషి మా నాన్న అని ఆ వరండాలో అందరి ముందూ ఒప్పుకోవడానికి సిగ్గుపడ్డాను. అంతే. ఇంకో కారణం లేదు. బ్రోకర్ పరిగెత్తుకొచ్చి మమ్మల్ని కిందికి లాక్కుపోయేదాకా గోడకు ఆనుకుని నిలబడ్డాను.

రెండు రోజుల తర్వాత బ్రోకర్ ఫోన్ చేసి దులిపేశాడు. "అది ఫాల్స్ సీలింగ్ మేడమ్! అందం కోసం కింద అట్టలాంటి పలకలు బిగిస్తారు. పైన స్లాబు రాయిలా ఉంది. మీ నాన్న ఇల్లు ఖాళీ చేయించడానికి వచ్చాడనుకున్నారు వాళ్లు. కేసు పెడతామంటే నేనే ఆపాను. ఎవరికైనా అమ్ముతారట గానీ మీకు మాత్రం అమ్మరట" అన్నాడు. నేను చెప్పబోయాను. అప్పటికే పెట్టేశాడు.

ఆ వారం ఇంటికి పోయి బాపుతో ఏం చెప్పాను? "వాళ్లు అమ్మడం మానుకున్నరట బాపూ. ఇల్లు బాగుచేయించుకుంటరట" అని చెప్పాను.

బాపు కళ్లు మెరిశాయి. "మంచిగైంది. ఇల్లు పోతే పోయింది గని రెండు పానాలు దక్కినయి" అన్నాడు. టెంటుకు పోయి అందరికీ చెప్పాడు. పట్నంలో కూడా కప్పు పట్టేసిండు మనోడు అని అందరూ వీపు చరిచారు. ఆ దసరా మనిషి మాత్రం, "వాళ్ల రెక్కలు ఇరగ్గొట్టలేదు కదా?" అని అడిగి అందర్నీ నవ్వించాడు. ఇక నేనెలా చెప్పను?

అవ్వ మాత్రం గొడుగు కనబడినప్పుడల్లా, "నీ గొడుగు పాడుగాను! కప్పు తట్టకపోతే ఏమైతుండె? నా మిరపచేను పాయె, ఇల్లు పాయె" అని ఏడ్చేది. బాపు తల వంచుకుని, "కూలే కప్పు కింద నిన్నెట్ల పండబెడుతనే" అనేవాడు. ఆ మాటకు అవ్వ దగ్గర జవాబుండేది కాదు. నా దగ్గర ఉండేది, నేను చెప్పలేదు. మొదట సిగ్గు వల్ల, తర్వాత ఆలస్యమైపోవడం వల్ల.

రాష్ట్రం వచ్చింది. వార్త వచ్చిన రోజు భూపాలపల్లిలో రంగులు, డప్పులు, మిఠాయిలు. బాపు గొడుగు తిప్పుతూ ఆడాడు. నేను హాస్టల్ మెట్లమీద ఫోన్ పట్టుకుని ఏడ్చాను, మా తెలుగులో, గట్టిగా, ఎవరు విన్నా సరే అని. తర్వాత మిరపచేను డబ్బు చేతిలో పెట్టుకుని రేట్లు తగ్గుతాయని చూశాం. తగ్గుతాయన్నవాళ్లెవరూ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కొన్నాళ్లు కదల్లేదు, ఆపైన ఒక్క ఉరుకు. మామ చెప్పిందాంట్లో సగం నిజమైంది, అమ్మేసిన మా మిరపచేను రేటు కూడా పెరిగింది. రాష్ట్రం వచ్చినందుకు జై కొట్టిన నోటితోనే రేట్లను తిట్టాను. ఈ రెంటినీ ఒక మనసులో ఎలా పెట్టుకోవాలో నాకు ఎవరూ చెప్పలేదు.

బాపు రిటైరయ్యాడు. క్వార్టర్ తాళంచెవి ఇచ్చే రోజు అవ్వ రెండు గదులూ కడిగి, గడపకు పసుపు రాసింది. "ఎవరో వస్తరు కదా" అంది. పట్టాల వెంబడి వెనక్కి నడుచుకుంటూ వచ్చిన మా ఇల్లు చివరికి జనగామలో దిగింది. అదీ సొంతానికి కాదు, కిరాయికి. నేను రోజూ రైలు పాస్‌తో సికింద్రాబాద్ పోయి వస్తాను. పొద్దున చీకటితో లేస్తే రాత్రి భోజనానికి ఇంట్లో పడతాను. కిరాయి ఇంట్లో దిగిన మొదటి రోజు బాపు కప్పు తట్టాడు. ఖంగుమంది. "మంచిగున్నది" అన్నాడు. "ఓనరుకు చెప్పు, మురుస్తడు" అంది అవ్వ.

పోయిన ఎండాకాలం జనగామలో కొత్తగా తెరిచిన బట్టల దుకాణానికి బాపూ నేనూ పోయాం, అవ్వకు చీర కొందామని. గడప దాటగానే గొడుగు లేచింది. నేను వద్దనేలోపు తట్టేశాడు. డొల్ల. చటుక్కున నా రెక్క పట్టుకున్నాడు. "బయటికి నడువుండ్రి!" అని కేక. దుకాణాయన గల్లా దగ్గరనుంచి పకపకా నవ్వుతూ లేచాడు.

"ఏం గాదు పెద్దయ్యా! అది ఫాల్స్ సీలింగ్. ఉత్త పలకలు, సోకుకు పెడతరు. అసలు కప్పు పైన్నే ఉన్నది, చూడు" అని ఒక కర్రతో పలకను పైకి నెట్టి పక్కకు జరిపాడు. బాపు ఆ కంతలోంచి చాలాసేపు చూశాడు. గొడుగు అందులోకి దూర్చి స్లాబును తట్టాడు. ఖంగుమంది. ఇంకోసారి తట్టాడు. గొడుగు చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు. చీర సంగతి ఇద్దరం మర్చిపోయాం.

ఇంటికి వచ్చి గడపమీద కూర్చున్నాడు. నేను మంచినీళ్లిస్తే తాగలేదు.

"బిడ్డా, గా పట్నం ఇంట్ల గూడ గిదేనా?"

"ఊఁ" అన్నాను.

"నీకెప్పటిసంది ఎరుక?"

"రెండు దినాలకే తెలిసింది బాపూ."

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. ఇల్లు పోయిందని గానీ, అబద్ధం చెప్పానని గానీ అనలేదు. ఆయన దేన్నో వెనక్కి పోయి వెతుక్కుంటున్నాడు.

"మరి ఆ కప్పు కూలదని వాళ్లకెరుకే కదా. గా ముసలమ్మ ఎందుకు వణికింది?"

నేను నోరు విప్పలేదు. ఆ వరండాలో లాగే, ఇప్పుడు కూడా. బాపు తన చేతిని చూసుకున్నాడు, ఆమె రెక్క పట్టుకున్న చేతిని. తర్వాత ఇప్పుడు బిళ్ల లేని జేబును తడిమాడు.

"నన్ను చూసి వణికింది" అన్నాడు.

అవ్వ వంటింట్లోంచి వచ్చి నిలబడింది. ఇన్నేళ్లూ ఆ గొడుగును తిట్టిన మనిషి ఆ రోజు దాన్ని తీసి గోడకు ఆనించి పెట్టింది. బాపు లేచాడు. "వాళ్లింకా ఆడనే ఉన్నరా?" అని అడిగాడు. తెలియదన్నాను. నిజంగానే తెలియదు, నేనెప్పుడూ కనుక్కోలేదు. "ఇల్లు ఎరుకే కదా నీకు. ఒకనాడు తీసుకపో బిడ్డా. ఎల్లగొట్టడానికి రాలేదు, కప్పుకే భయపడ్డ అని చెప్పి వస్త" అన్నాడు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం అడుగుతున్నాడు. ఒకసారి బడిలో పరీక్షలన్నాను, ఒకసారి రైలు లేదన్నాను. నేను రోజూ పోయే రైలు ఆ ఇంటికి దగ్గర్లోనే ఆగుతుంది. కానీ ఆ ముసలమ్మ తలుపు తీసి, గొడుగుతో నిలబడ్డ బాపును గుర్తుపట్టి, మళ్లీ వణికితే? అప్పుడంటే ఎందుకు వణికిందో బాపుకు తెలియలేదు. ఈసారి తెలుస్తుంది.